ప్లగ్ గుంతలో ఆయిల్ కనిపిస్తే ముందు సీళ్లు చూడండి, ఇంజన్ తర్వాత

సంపాదకుడి గారికి నమస్కారం.

బండి మిస్సింగ్ కొడుతోందని, అంటే ఏదో ఒక సిలిండర్ సరిగా మండక కుదుపుతోందని, పెట్రోలు కారును షెడ్డుకు తెస్తారు. మెకానిక్ ప్లగ్గుకు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్ పైకి లాగితే దాని కింద ఉండే రబ్బరు బూటు ఆయిల్ కారుతూ వస్తుంది. ఆ ఆయిల్ చూడగానే ‘పిస్టన్ రింగులు పోయాయి, ఇంజన్ విప్పాలి’ అనే మాట ఈమధ్య చాలాచోట్ల వినబడుతోంది. మరికొన్నిచోట్ల నాలుగు కాయిళ్లూ, నాలుగు ప్లగ్గులూ మార్చి బండి పంపేస్తున్నారు. రెండు మూడు నెలలకు మళ్లీ అదే మిస్సింగ్. రెండు సందర్భాల్లోనూ అసలు దోషి అయిన చిన్న రబ్బరు సీలు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటోంది. కొన్ని వందల రూపాయల సామానుతో తీరే పనికి జనం వేలకు వేలు పోస్తున్నారు కాబట్టి, ఈ సంగతి వివరంగా మీ పత్రిక ద్వారా చెప్పాలనుకున్నాం.

మొదట ఆ సీలు ఎక్కడుంటుందో చెప్పాలి. పాత మారుతి 800 లాంటి బళ్లలో స్పార్క్ ప్లగ్గులు ఇంజన్ పైభాగమైన హెడ్‌కు పక్కగా, బయటికే కనిపించేవి. ఇప్పటి ఇంజన్లలో చాలావాటికి ప్లగ్గు హెడ్ నడిమధ్యన, వాల్వులను తెరిచే రెండు క్యామ్ షాఫ్టుల నడుమ నిలువుగా దిగి ఉంటుంది. దాని చుట్టూరా, ఇంజన్ పైమూత అయిన ట్యాపెట్ కవర్ కింద ఇంజనాయిల్ ఎగజిమ్ముతూనే ఉంటుంది. ఆ ఆయిల్ ప్లగ్గు మీదికి రాకుండా ఒక గొట్టం అడ్డం ఉంటుంది. మన షెడ్లలో దాన్నే ప్లగ్ గుంత అంటాం. ఆ గొట్టం పై అంచు, ట్యాపెట్ కవర్ కలిసేచోట ఉండే రబ్బరు ఉంగరమే ట్యూబ్ సీలు. మూడు సిలిండర్ల ఇంజన్‌కు మూడు, నాలుగింటికి నాలుగు. ట్యాపెట్ కవర్ చుట్టూ ఉండే పెద్ద ప్యాకింగ్ వేరు, ఇది వేరు. పెద్ద ప్యాకింగ్ పోతే ఆయిల్ ఇంజన్ పక్కల నుంచి కారి కంటికి కనిపిస్తుంది. ఇది పోతే లోపలే గుంతలోకి దిగుతుంది, కాయిల్ పీకేదాకా ఎవరికీ తెలియదు.

రింగులు పోయాయా, సీలు పోయిందా అన్నది ప్లగ్గే చెబుతుంది. విప్పిన ప్లగ్గును చేతిలో పట్టుకొని చూడండి. తెల్లటి పింగాణీ మీద, స్పానర్ పట్టే ఆరు పలకల మీద, మర చుట్ల పైభాగంలో ఆయిల్ ఉండి, నిప్పురవ్వ పుట్టే కింది కొన పొడిగా, లేత ఇటుక రంగులో ఉంటే అది ట్యూబ్ సీలు తప్పు. ఇంజన్‌ను ముట్టుకోనక్కర్లేదు. కింది కొనే తడిగా, నల్లగా, ఆయిల్ మసి పట్టి ఉంటేనే రింగులనో వాల్వ్ సీళ్లనో అనుమానించాలి. అప్పుడు కూడా సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి పెట్టి చూశాకే మాట చెప్పాలి. ఇంకొక పొరపాటు కూడా జరుగుతుంటుంది. పింగాణీ ఇనుప బాడీలోకి దిగేచోట గోధుమరంగు పట్టీ లాంటి మరక కనిపిస్తుంది. అది లీకేజీ కాదు. అధిక వోల్టేజీ వల్ల చుట్టూ ఉన్న గాలిలోని ఆయిల్ తుంపరలు అక్కడ అంటుకొని ఏర్పడే మరక. ప్లగ్గు బాగా ఉన్నా వస్తుంది.

ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వల్లే సీళ్లు పోతున్నాయని కొందరు ఓనర్లు గట్టిగా నమ్ముతున్నారు. ఈ సీలును తాకేది ఇంజనాయిల్, పెట్రోలు కాదు. దీన్ని తినేసేది వేడి. ట్యాపెట్ కవర్ కింద ఆయిల్ వంద డిగ్రీల దరిదాపుల్లో తిరుగుతుంటుంది. ఏసీ వేసుకొని గంటల తరబడి ట్రాఫిక్‌లో నిలబడే బండిలో ఆ వేడి త్వరగా బయటికి పోదు. మామూలు నైట్రైల్ రబ్బరు అలాంటి వేడిలో ఏళ్ల తరబడి ఉంటే బిగుసుకుపోతుంది. అక్రిలిక్, సిలికాన్ రబ్బర్లు ఇంకా ఎక్కువ వేడికి తట్టుకుంటాయి. బజార్లో చవగ్గా దొరికే సీలుకూ కంపెనీ సీలుకూ అసలు తేడా ఇక్కడే ఉంటుంది, పైకి రెండూ నల్లగానే కనిపిస్తాయి. పాత సీలును గోటితో నొక్కి చూస్తే సంగతి అర్థమవుతుంది. కొత్తది గోటికి లొంగి, వదలగానే మళ్లీ పైకి లేస్తుంది. పాతది గోటికి లొంగదు, వంచితే ప్లాస్టిక్ ముక్కలా పెళుక్కున విరుగుతుంది. గొట్టం అంచు ఒత్తుకొని ఒత్తుకొని దాని లోపలి పెదవి చదునుగా అరిగిపోయి ఉంటుంది.

వేడితోపాటు ఇంకో కారణం ఉంది. దీన్ని చాలామంది వదిలేస్తారు. ఇంజన్ లోపలి ఆవిరిని, గ్యాసును తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వు, దాని గొట్టం జిడ్డుతో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ను తోస్తుంది. కొత్త సీళ్లు వేసిన కొద్దిరోజులకే మళ్లీ గుంతలు తడిస్తే సీలును తిట్టకుండా ముందు పీసీవీ చూడాలి. వాల్వు విప్పి చెవి దగ్గర ఊపితే లోపల గింజ కదిలిన చప్పుడు రావాలి. చాలా బళ్లలో బండి నిలిపి ఇంజన్ స్లోలో నడుస్తుండగా ఆయిల్ పోసే మూత ఎత్తితే సన్నగా లోపలికి లాగినట్టు ఉంటుంది. అలాకాకుండా పొగతో బుసబుసమని బయటికి తోస్తుంటే, పీసీవీ బాగానే ఉంటే, అప్పుడు రింగుల మాట ఎత్తాలి.

గుంతలో ఆయిల్ నిండిన మరుక్షణం మిస్సింగ్ రాదు. దీనివల్లే రోగం గుర్తు పట్టడం ఆలస్యమవుతుంది. నిజానికి శుభ్రమైన ఆయిల్ కరెంటును పోనివ్వదు. కానీ వేడి ఆయిల్‌లో నెలల తరబడి నానితే కాయిల్ బూటు నానబెట్టిన శనగలా ఉబ్బి మెత్తబడుతుంది, ప్లగ్గు మీద పట్టు వదులవుతుంది. వాడిన ఆయిల్‌లో మసి, ఇనుప రజను ఉంటాయి. అవి పింగాణీ మీద పేరుకుంటాయి. ఇరవై, ముప్పై వేల వోల్టుల కరెంటుకు ఆ సందు చాలు. సిలిండర్ లోపల దూకాల్సిన నిప్పు పింగాణీ మీదుగా జారి గొట్టం గోడకు తగులుతుంది. ఒకసారి అలా జారితే పింగాణీ మీదా, బూటు లోపలా పెన్సిల్ గీతలాంటి నల్లటి చార పడుతుంది. ఆ చార చెరిపితే పోదు. చార పడిన ప్లగ్గునూ బూటునూ మార్చాల్సిందే. సీఎన్‌జీ బళ్లలో ఇది ముందుగా బయటపడుతుంది. గ్యాసు అంటుకోవడానికి పెట్రోలు కన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి, కాబట్టి పెట్రోలులో బాగా నడిచే బండి సీఎన్‌జీకి మార్చగానే కుదుపుతుంది. క్యాబ్ డ్రైవర్లు గ్యాస్ కిట్‌ను ట్యూనింగ్ చేయించుకుంటూ తిరిగే ముందు ఒకసారి కాయిళ్లు ఎత్తి చూడాలి.

స్కానర్ పెడితే పీ0301 నుంచి పీ0304 దాకా ఏదో ఒక తప్పు కోడ్ కనిపిస్తుంది, చివరి అంకె మిస్సవుతున్న సిలిండర్ నంబరు. పీ0300 అయితే మిస్సింగ్ ఒక సిలిండర్‌కే పరిమితం కాలేదని. చెక్ ఇంజన్ లైటు స్థిరంగా వెలగడం కాకుండా మిణుకుమిణుకుమంటుంటే బండి తోలకూడదు. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. అది కరిగితే పడే ఖర్చు ముందు సీళ్ల ఖర్చు లెక్కలోకి రాదు.

ఇక పని చేసే పద్ధతి. ఇంజన్ చేత్తో తాకగలిగేంతగా చల్లారాలి. అల్యూమినియం హెడ్ వేడిగా ఉండగా ప్లగ్గు విప్పితే మరలు లాగేసుకొచ్చే ప్రమాదం ఉంది. బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. కాయిల్ కనెక్టర్ల ప్లాస్టిక్ లాకులు వేడికి పెళుసుబారి ఉంటాయి, స్క్రూడ్రైవర్‌తో మెలిపెట్టకుండా వేలితో నొక్కి వదిలించాలి. కాయిళ్లకు 1, 2, 3, 4 అని నంబర్లు రాసి వరసగా పెట్టాలి. ఆ తర్వాత ఏ కాయిల్‌లో తేడా ఉందో తేల్చడానికి ఆ వరసే ఆధారం.

గుంతలో ఆయిల్ ఉండగా ప్లగ్గు విప్పకూడదు. దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. గుంత లోతుగా ఉంటుంది, అందులో రెండు మూడు చెంచాల ఆయిల్ తేలిగ్గా నిలుస్తుంది. ప్లగ్గు లేచీ లేవగానే ఆ ఆయిల్ అడుగున ఉన్న ఇసుకతో, మసితో సహా సిలిండర్‌లోకి పోతుంది. ఆయిల్ కాలి పొగై పోవచ్చు, ఇసుక మాత్రం బోరును గీస్తుంది. పెద్ద సిరంజికి సలైన్ గొట్టం ముక్క తగిలించి ఆయిల్ పైకి లాగేయాలి. మిగిలినదాన్ని పొడవాటి స్క్రూడ్రైవర్‌కు పోగులు ఊడని గుడ్డ చుట్టి అద్దాలి. తర్వాత కొంచెం బ్రేక్ క్లీనర్ కొట్టి, కళ్లద్దాలు పెట్టుకొని కంప్రెసర్ గాలితో ఊదాలి. గుంత అడుగు పొడిగా కనిపించాకే ప్లగ్ సాకెట్ దించాలి. సీళ్లు మార్చి కవర్ బిగించేదాకా పాత ప్లగ్గులను వాటి చోటనే ఉంచడం ఇంకా మంచిది. కవర్ విప్పేటప్పుడు రాలే చెత్త సిలిండర్‌లోకి పోదు.

ట్యాపెట్ కవర్ బోల్టులకు సాధారణంగా 10 నంబర్ స్పానర్ పడుతుంది. వాటి కింద రబ్బరు వాషర్లుంటే అవి కూడా సెట్‌లో కొత్తవి తీసుకోవాలి. కవర్‌ను ఎంత బలంతో అదమాలో చాలా ఇంజన్లలో ఆ వాషర్లే నిర్ణయిస్తాయి. అవి బిగుసుకుపోతే కొత్త సీలు వేసినా ఒత్తిడి చాలదు. కవర్ అతుక్కుపోయి ఉంటే స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించకూడదు. అల్యూమినియం మీద పడ్డ ఒక్క గీత చాలు, ఎన్ని ప్యాకింగులు వేసినా అక్కడ ఆయిల్ చెమరుస్తుంది. రబ్బరు సుత్తితో పక్కల నుంచి తడితే వదులుతుంది.

సీళ్లు ప్రధానంగా మూడు రకాలు. మారుతి కె-సిరీస్‌లోనూ, హోండా ఇంజన్లలో చాలావాటిలోనూ రబ్బరు ఉంగరం కవర్ లోపలి గాడిలో చేత్తోనే కూర్చుంటుంది. ఇది సులువు. గాడిని మెత్తటి గుడ్డతో తుడిచి, ఉంగరం మెలి తిరగకుండా చుట్టూ వేలితో నొక్కాలి. రెండో రకంలో సీలుకు ఇనుప రింగు ఉంటుంది, కవర్‌లోకి దిగ్గొట్టి ఉంటుంది. కొన్ని పాత టొయోటా ఇంజన్లలో అది జారకుండా కవర్ లోపలి రేకుకున్న చిన్న నాలుకలను దాని మీదికి వంచి ఉంచుతారు. వాటిని మెల్లగా నిలబెట్టి, సీలు తీసి, కొత్తది వేశాక మళ్లీ వంచాలి. ఈ రకం సీలు తీసేముందు ఫోను‌తో ఫొటో తీసుకోవాలి. పెదవి ఎటువైపు ఉందో, ఎంత లోతుకు దిగి ఉందో కొత్తది కూడా అచ్చం అలాగే ఉండాలి. తిరగేసి వేసిన సీలు మొదటిరోజు నుంచే కారుతుంది. దించడానికి సీలు బయటి అంచుకు సరిపడే సాకెట్ ఆనించి సుత్తితో చిన్న దెబ్బలు కొట్టాలి. ఒక పక్క దిగి మరో పక్క లేస్తే ఆపి సరిచేయాలి. మూడో రకంలో సీలు ప్లాస్టిక్ కవర్‌తో కలిసిపోయి విడిగా దొరకదు, కవర్ మొత్తం కొనాలి. అలాంటి ఇంజన్లకు మార్కెట్లో అమ్మే విడి సీళ్లను గమ్ముతో అంటించి బండి పంపడం తప్పు. ఓనరుకు ఖర్చు ముందే చెప్పి కవర్ తెప్పించాలి.

ఏ రకమైనా నాలుగూ ఒకేసారి మార్చాలి. ఒకే వేడిలో, ఒకే వయసున్న రబ్బరు అది. ఒకటి కారిందంటే మిగతా మూడూ వరసలో ఉన్నట్టే. ట్యాపెట్ కవర్ ఏ కారణంతో విప్పినా పెద్ద ప్యాకింగ్‌తోపాటు ఇవి కూడా కొత్తవే పడాలి. పాత సీలు తన గొట్టం మీద ఒక ఆకారానికి అలవాటు పడి ఉంటుంది. ఎత్తి మళ్లీ పెడితే ఆ గాడి సరిగ్గా అదే చోట కూర్చోదు. ‘మొన్న ప్యాకింగ్ వేయించాక గుంతల్లోకి ఆయిల్ మొదలైంది’ అనే ఫిర్యాదులు ఎక్కువగా ఇలా పుట్టినవే.

అనాబాండ్ లాంటి సిలికాన్ గమ్ము వాడకం మీద మా తోటి మెకానిక్కులకు ఒక మనవి. ట్యూబ్ సీలుకు గమ్ము పూయకండి. అది వేయాల్సిన చోట్లు కొన్నే: టైమింగ్ చైన్ కవర్ హెడ్‌తో కలిసే రెండు అతుకుల దగ్గర, కొన్ని ఇంజన్లలో క్యామ్ క్యాప్ అర్ధచంద్రాకారపు మూలల్లో, మాన్యువల్ చూపినచోట చిన్న చుక్క. అక్కడ కూడా పాత గమ్మును పూర్తిగా గీకి, నూనె చుక్క లేకుండా తుడిచాకే. ప్యాకింగ్ చుట్టూరా పూస్తే నొక్కుకొని లోపలికి పొంగిన గమ్ము గట్టిపడి ఊడుతుంది, ఆయిల్ చాంబర్‌లోకి జారి పంపు జాలీని మూస్తుంది. చిన్న పని మీద వచ్చిన బండి కొన్నాళ్లకు ఆయిల్ ప్రెషర్ లేక ఇంజన్ పట్టేసి రావడానికి ఇదే దారి. సీలు పెదవికి కావాల్సింది వేలితో పూసిన కొత్త ఇంజనాయిల్ పొర, అంతే. పొడిగా దించితే గొట్టం అంచుకు తగిలి పెదవి లోపలికి మడుచుకుంటుంది. మడుచుకున్న పెదవి పైకి కనిపించదు. కాబట్టి కవర్‌ను వాలుగా కాకుండా తిన్నగా, నాలుగు గొట్టాల మీదా ఒకేసారి దించి, బోల్టులు పెట్టకముందే టార్చి వేసి ప్రతి గుంతలోకీ చూడాలి. రబ్బరు చుట్టూ సమానంగా కనిపిస్తే సరే, ఒక పక్క ముడత ఉంటే మళ్లీ ఎత్తాలి.

ఈ బోల్టులను బలంతో బిగించకూడదు. ఇవి 6 ఎంఎం బోల్టులు, బండిని బట్టి 8 నుంచి 12 న్యూటన్ మీటర్లు, అంటే సుమారు ఒక కేజీ-మీటరు. పెద్ద రాచెట్‌తో ‘ఇంకొంచెం’ అనుకుంటే అల్యూమినియం మరలు ఊడతాయి, ప్లాస్టిక్ కవర్ అయితే చీలుతుంది. మధ్య బోల్టుల నుంచి మొదలుపెట్టి బయటికి, ఒక్కసారిగా కాకుండా రెండు మూడు విడతల్లో బిగించాలి. మాన్యువల్‌లో వరస ఇచ్చి ఉంటే ఆ వరసే పాటించాలి. కారుతోందని తర్వాత మళ్లీ టైటు చేసే అలవాటు మానాలి. చాలా బోల్టులకు భుజం ఉంటుంది, అది ఆనుకున్నాక ఎంత తిప్పినా సీలు మీద ఒత్తిడి పెరగదు, బోల్టే తెగుతుంది.

ఆ తర్వాత పాత ప్లగ్గులు విప్పి చూసి, చార పడినవి మార్చాలి. కొత్త ప్లగ్గును సాకెట్‌కు పొడిగింపు రాడ్డు తగిలించి చేత్తోనే మరలు ఎక్కించాలి. వాషరు ఆనుకున్నాక 14 ఎంఎం ప్లగ్గును ఇంకో అర చుట్టు, వాడిన ప్లగ్గయితే చుట్టులో పన్నెండో వంతు తిప్పితే చాలు. కాయిల్ బూటు ఉబ్బితే కొన్ని బళ్లకు బూటు, స్ప్రింగు మాత్రమే విడిగా దొరుకుతాయి, కాయిల్ మొత్తం కొననక్కర్లేదు. ఉబ్బకపోతే ఆరబెట్టి, లోపలి అంచుకు బఠాణీ గింజలో సగమంత, కరెంటును పోనివ్వని సిలికాన్ డైఎలెక్ట్రిక్ గ్రీజు రాయాలి. మామూలు గ్రీజు రాస్తే మళ్లీ రబ్బరు ఉబ్బుతుంది.

అన్నీ కొత్తవి వేశాక కూడా గుంతలో ఆయిల్ వస్తుంటే, గొట్టం పై అంచు నుంచి తడి చార దిగుతోందా, లేక పైన పొడిగా ఉండి అడుగున మాత్రమే చేరుతోందా చూడాలి. అడుగున మాత్రమే అయితే గొట్టం హెడ్‌లోకి దిగేచోట ఉండే ఓ-రింగో, అంటించిన మందో పోయింది. కొన్ని ఇంజన్లలో దానికి రాకర్ షాఫ్ట్ తీయాలి, అది ఎక్కువ పని. అయినా ఇంజన్ బోరు పని కాదు. గుంతలో ఆయిల్ కాకుండా నీళ్లు, తెల్లటి పొక్కులు, ప్లగ్గు మీద తుప్పు ఉంటే ట్యూబ్ సీలుకు సంబంధం లేదు. బానెట్ ఎత్తి ప్రెషర్ పంపుతో ఇంజన్ కడిగించడమో, వైపర్ కింది గాడిలో ఆకులు పేరుకొని వాన నీళ్లు ఇంజన్ మీద పడటమో కారణం. దానికి కాయిల్ పైభాగంలోని రబ్బరు మూత చూసుకోవాలి.

మా విన్నపాలు మూడు. కార్ల కంపెనీలు ట్యూబ్ సీలును కవర్‌తో కలిపేయకుండా విడిగా అమ్మాలి, ప్లగ్గులు మార్చే సర్వీసు చార్టులో ‘గుంత చూడాలి’ అనే వరస చేర్చాలి. ఐటీఐ మోటార్ మెకానిక్ తరగతుల్లో ఈ పనిని ప్రాక్టికల్‌గా చేయించాలి, సీలు తిరగేసి వేస్తే ఏమవుతుందో పిల్లలకు కళ్లతో చూపించాలి. ఇక కార్ల యజమానులు ‘రింగులు పోయాయి’ అన్న మాట వినగానే ఒప్పుకోకుండా, విప్పిన ప్లగ్గును చూపించమనండి. కింది కొన తడిగా, నల్లగా ఉన్నా కంప్రెషన్ రీడింగు కాగితం మీద రాసి ఇమ్మనండి. సీళ్లు మార్చితే పాతవి తీసుకొని గోటితో నొక్కి చూడండి. బిల్లులో ట్యూబ్ సీళ్లు విడి వరసగా లేకపోతే అవి మారలేదనే అనుకోవచ్చు. పని అయ్యాక రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగి, చల్లారిన ఇంజన్ మీద ఒక్క కాయిల్ ఎత్తించి టార్చి వేసి చూసుకోండి.

ఇట్లు,
పెట్రోలు కార్ల మెకానిక్కులం,
ఆటోనగర్, విజయవాడ